శ్రీశైల యాత్రకు ఏ వాహనము?

స్థావరము కంటె జంగమమే శ్రేష్ఠమని పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడు బోధించెను. అట్టి సంప్రదాయమున పుట్టిన మనకు ప్రయాణము దోషము కానేరదు. కాని మన కదలిక యొక్క భారమును ఎవరు మోయుచున్నారను ప్రశ్న మనలను విడువదు.

హైదరాబాదు పాతబస్తీనే చూడుడు. 1591లో చార్మినారు కట్టిన కాలమున ఆ వీధులు పాదచారులకును, పల్లకీలకును, ఎడ్లబండ్లకును ఏర్పడినవి. నేడు చార్మినారు చుట్టును వాహనములను నిలిపి పాదచారులకు తావు చేసినను, ప్రక్క వీధులలో కార్లు, ఆటోలు ఒకదానినొకటి ఒరసికొని నిలిచియుండును. లాడ్ బజారులో లక్కగాజులు చేయువాడు ప్రొద్దుగూకులు ఆ గాలినే పీల్చును. అతనిది కాయకము. మన కారు అతని దుకాణము ముందు నుండి రెండు నిమిషములలో వెడలిపోవును; పొగ అతని యొద్దనే ఉండును. ఉన్నదానిని పంచుట దాసోహమనుచున్నాము. ఇచ్చట మనము పంచుచున్నదేమి?

మన కుటుంబములు తరచుగా చేయు శ్రీశైల యాత్రను లెక్కకు తీసికొందము. దూరము సుమారు 215 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు నడచు కారులో ఇద్దరు పోయినచో, ఒక్కొక్కరి పాలికి ఏడు లీటర్లకు పైగా ఇంధనము వ్యయమగును. లీటరుకు అయిదు కిలోమీటర్లే నడచు బస్సు ఏబది మందితో పోయినచో, ఒక్కొక్కరికి లీటరైనను కాదు. ఒక లీటరు డీజిలు కాలిన సుమారు 2.6 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. ఆ దారి నల్లమలలో పులుల అభయారణ్యము గుండ పోవుచున్నది. మృగముల క్షేమమునకై మన్ననూరు వద్ద రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 వరకు వాహనములను ఆపుదురు. స్వామి దర్శనమునకై పోవుచు స్వామి అడవిని తొక్కుకొని పోవుట ఏపాటి భక్తి?

“నేనెక్కకున్నను బస్సు పోవును గదా, నా ఒక్కని వలన ఏమగును?” అను ఆక్షేపణ కలదు. ఇది తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. అయినను, ఎక్కువారు తగ్గిన దారిలో క్రమముగా బస్సులును తగ్గును. అప్పుడు కష్టపడునది కారు గలవాడు కాదు. కారు లేని వృద్ధురాలు, కూలివాడు. మనము ఖాళీగా విడిచిన ఆసనము పరోక్షముగా వారి దారిని మూయుచున్నది.

విద్యుత్ కారు కొన్నచో చింత తీరినదని కొందరి భావము. వీధిలో పొగ ఉండదు, నిజమే; లక్కగాజుల వానికి అది మేలే. కాని మన విద్యుత్తులో అధిక భాగము బొగ్గు నుండియే వచ్చుచున్నది. చార్మినారు వద్ద తగ్గిన పొగ కొంత రామగుండమున లేచును. పైగా, ఒక్కడు పోవు కారు విద్యుత్తుతో నడచినను వీధిలో ఆక్రమించు చోటు అంతయే.

మార్గము లేనివారిని నిందించుట మాత్రము అన్యాయము. 2020 ఫిబ్రవరి 7న పాతబస్తీ వైపు పోవలసిన మెట్రో మార్గము మహాత్మాగాంధీ బస్ స్టేషను వరకు వచ్చి మూసీ యొద్దనే ఆగినది. పాతబస్తీ మార్గమునకు 2024 మార్చి 8న గాని శంకుస్థాపన జరుగలేదు. ఫలక్‌నుమా నుండి ఎం.ఎం.టి.ఎస్. రైలున్నను, స్టేషను చేరుటకే ఆటో కావలసినవారు అనేకులు. మోకాళ్ల నొప్పులతో ఉన్న తల్లిని కారులో తీసికొనిపోవు కుమారుని ఎవరు తప్పుపట్టుదురు? ప్రశ్న వీలుండియు ఎంచుకొననివారికే.

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణమున శ్రీశైల యాత్రికులను వర్ణించెను. నేటికిని ఉగాదికి కన్నడ దేశపు భక్తులు వందల మైళ్లు నడచి మల్లయ్యను చేరుచున్నారు. వారి వలె నడువుమని పాతబస్తీ గృహస్థునకు చెప్పలేము. ఇష్టలింగము వక్షమున ధరించినవానికి ప్రతి ప్రయాణమును అవసరమేనా అనునది వేరొక విచారము. దానిని మరియొకసారి చూతము. మఠముల వారికి మాత్రము ఒక విన్నపము: జయంతుల ఆహ్వాన పత్రికలలో కార్లు నిలుపు చోటును గూర్చి అచ్చువేయుచున్నారు. దాని ప్రక్కనే బస్సు నంబరు, దిగవలసిన స్టాపు, అచ్చటి నుండి నడువవలసిన దూరము కూడ అచ్చువేయింపవచ్చును. కాగితమున అందులకు ఒక పంక్తి చాలును.