మాట నేరము – చేతి నేరము

ఇల్లు తగులబడినప్పుడు నిప్పు పెట్టిన చేయి కనబడును. ఆ చేతిని పురికొల్పిన మాట కనబడదు. ఆ మాటను న్యాయము ఎట్లు తూచవలెను?

లాతూరు వకీలైన కాశిం రజ్వీ, హైదరాబాదు రాజ్యమున ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడై రజాకార్ దళములను నడపెను. 1948 ఆగష్టులో బైరాన్‌పల్లి నెత్తుట తడిసినది. ఆ మాసముననే, రాజ్యము భారతదేశమున చేరవలెనని వ్రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాదులో చంపి, అతని చేతిని నరికిరి. హతుడును ముస్లిమే యని మరువరాదు.

సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించగా రజ్వీ బందీయయ్యెను. న్యూరెంబర్గులో జర్మను నాయకులపై 1946లోనే తీర్పు వెలువడినను, ఇతనిని విచారించినది హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము. మోపినవి సామాన్య శిక్షాస్మృతిలోని నేరములు. షోయబుల్లా హత్యకేసు హైకోర్టులో నిలువలేదు. బీబీనగరు దోపిడికేసులో మాత్రము ఏడేండ్ల కఠినశిక్ష ఖాయమయ్యెను. 1957లో విడుదలై పాకిస్తానునకు పోయి, 1970లో కరాచీలో మరణించెను.

అంత రక్తపాతమునకు దోపిడిశిక్షయేనా యని మనస్సు మండును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో ఆనాటి బాధలన్నియు 'రజాకార్ల కాలము' అను ఒక్కమాటలో ఇమిడిపోవును. కాని ఆత్మకూరు ప్రాంతమున అప్పంపల్లిలో 1947లో జనముపై తుపాకులు కాల్చినవారు నిజాము పోలీసులు. జ్ఞాపకమునకు ఈ భేదముతో పనిలేదు, న్యాయమునకు కలదు. రుజువుకాని హత్యను రజ్వీ తలపై మోపకుండుట, ఎంత చేదైనను, సరియే. అంతమాత్రమున అతడు ధర్మము దృష్టిలో నిర్దోషి కాడు. ద్వేషమును ఊరూర పంచినవాడు, ఏ చేయి కత్తి యెత్తునో తా నెరుగనని తప్పించుకొనజాలడు.

ఈ విషయమున లోకము కొంత ముందుకు నడచినది. కాంగో దేశపు సాయుధదళ నాయకుడు థామస్ లుబాంగాను, పదునైదేండ్లు నిండని పిల్లలను పోరునకు దింపినందుకు, హేగ్ నగరమందలి అంతర్జాతీయ క్రిమినల్ న్యాయస్థానము 2012లో దోషిగా నిర్ణయించి 14 ఏండ్ల శిక్ష విధించెను. పిల్లలు పట్టిన తుపాకులకు నాయకుడు జవాబు చెప్పవలసివచ్చెను.

తక్కెడలో రెండవ పళ్లెమును కలదు. పోలీసు చర్య కాలమునను, ఆ పిమ్మటను 27,000 నుండి 40,000 మంది ప్రాణములు కోల్పోయిరని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసినది. వారిలో మిక్కిలిమంది ముస్లిములు. రజాకార్లతో ఏ సంబంధమును లేనివారు అనేకులు. ఎక్కువ నష్టపడిన జిల్లాలలో బసవేశ్వరుని కల్యాణము గల బీదరు ఒకటి. ఆ నివేదికను ప్రభుత్వము చాలకాలము బయటపెట్టలేదు. రజ్వీ విచారణవంటి విచారణ ఆ చావులకు జరుగలేదు.