సీసా మీది గీత

గుండె ఆపరేషన్ల ఐసీయూలో నర్సుగా చేరినప్పట్నుంచీ నా కళ్లు ముందు సీసా మీదికే పోతాయి. రోగి ఛాతీలోంచి వచ్చే గొట్టానికి తగిలించిన డ్రెయిన్ సీసా అది. దానికి తెల్ల ప్లాస్టర్ అంటించి గంటగంటకూ పెన్నుతో గీత గీసి, పక్కన టైము వేస్తాం. కిందటి గీతకూ కొత్త గీతకూ ఎడం తక్కువుంటే మనసు తేలికపడుతుంది. ఆ తేలిక రోగి కోసమా, నా డ్యూటీ ప్రశాంతంగా గడుస్తుందనా? నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ.

మా గిద్దలూరు, కంభం, మార్కాపురం వాళ్లు చాలామంది గుండె ఆపరేషనంటే రైలెక్కి గుంటూరు పోతారు, లేదా కర్నూలో హైదరాబాదో. మా వైపు మనుషులు కనిపిస్తే అడిగేది ఒకటే: "సిస్టరమ్మా, రక్తం ఆగిందా?" ఆగిందనో లేదనో ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదది. 2014లో కొన్ని దేశాల వైద్యులు కలిసి, పెద్దవాళ్ల గుండె ఆపరేషన్లలో రక్తస్రావాన్ని 0 నుంచి 4 దాకా తరగతులు చేశారు. 12 గంటల్లో డ్రెయిన్ 600 మి.లీ. లోపుంటే సున్నా, రెండు లీటర్లు దాటితే నాలుగు. చూసేవి తొమ్మిది అంశాలు. వాటిలో ఏది అన్నిటికన్నా తీవ్రంగా ఉంటే దాని తరగతే రోగి తరగతి. పై తరగతుల్లో నెలలోపు మరణాలు ఎక్కువని కూడా వాళ్లే చూపించారు.

ఆ తొమ్మిదింటిలో కారిన రక్తాన్ని కొలిచేది ఒక్క డ్రెయినే. తక్కినవన్నీ మేం చేసే పనులు: ఎన్ని యూనిట్లు ఎక్కించాం, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఇచ్చామా, ఛాతీ మూయకుండా ఉంచామా, మళ్లీ తెరిచామా. అసలే రక్తహీనతతో వచ్చిన మనిషికి డ్రెయిన్ కొంచెమే వచ్చినా రెండు యూనిట్లు ఎక్కించాల్సి రావచ్చు. అంతే, ఆ మనిషి తరగతి 2 అయిపోతుంది. అది కారిన రక్తం లెక్కా, ఏళ్ల తరబడి ఒంట్లో లేని రక్తం లెక్కా? పైగా ఎక్కించడంలో మా భయమూ కలిసే ఉంటుంది. హిమోగ్లోబిన్ 7.5 కిందికి దిగేదాకా ఆగి ఎక్కించినా, ముందే ఎక్కించినదానికంటే ఫలితం చెడలేదని 2017లో ఐదు వేల మంది పైచిలుకు రోగులతో చేసిన అధ్యయనం తేల్చింది.

ఆ 600 కూడా అందరికీ ఒకటే కొలత. వరి మడి నుంచో మిరప తోట నుంచో వచ్చిన 45 కిలోల ఆడమనిషి ఒంట్లో ఉండే రక్తమే సుమారు మూడు లీటర్లు. ఆమెకు 600 అంటే అయిదో వంతు. తొంభై కిలోల మొగాయనకు దాదాపు పదో వంతే. నేను ఇద్దరికీ చార్టులో ఒకే అంకె వేసి, ఇద్దరి విషయంలోనూ ఒకేలా ఊపిరి పీల్చుకుంటాను. బరువు అదే చార్టు పైన రాసే ఉంటుంది, నా చూపు అక్కడిదాకా వెళ్లదు.

ఇంకా భయపెట్టేది కదలని గీత. గొట్టంలో గడ్డ అడ్డుపడితే సీసా నిశ్చలంగా ఉంటుంది, రక్తం గుండె చుట్టూ చేరి నొక్కేస్తుంది. బీపీ పడిపోతుంది, మూత్రం తగ్గుతుంది. నాకు హాయినిచ్చే గీతే అప్పుడు అబద్ధం.

మా ఊరివాళ్లకు ఒక మాట. ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజే హిమోగ్లోబిన్ ఎంతో అడగండి. తక్కువుంటే, వ్యవధి ఉంటే, ముందుగానే పెంచే వీలుందేమో డాక్టరుతో మాట్లాడండి. రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడుతుంటే దాచకుండా చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. ఐసీయూ బయట నన్ను "రక్తం ఆగిందా" అని కాకుండా, "మా మనిషి బరువుకు ఇది ఎక్కువా, తక్కువా?" అని అడగండి.