ఆఫీసు మారువేళ

వేసవి సెలవులు సమీపించుకొలదియు అమలాపురము బారులో గాని, రాజోలు, కొత్తపేట కోర్టుల ఆవరణలలో గాని, యువన్యాయవాదుల నడుమ ఒకే విధమైన సంభాషణ వినవచ్చుచుండును. ఫలానావారి జూనియరు ఆఫీసు మారుచున్నాడట. ఇంకొకడు కాకినాడ పోవుచున్నాడట. వేరొకడు హైదరాబాదులో ఏదో లా ఫర్ములో చేరుచున్నాడట. ఎందుకని ఎవరును అంతగా అడుగరు. ఆదాయము, అవకాశము, ఆత్మాభిమానము, ఈ మూటిలో ఏదో యొకటి కారణమై యుండునని అందరికిని తెలియును. అందరు నడుగునది ఎప్పుడని. నలువది యేండ్లకు మించి ఈ వృత్తిలో మసలి, జూనియరుగా ఒకరి ఆఫీసు విడిచి, సీనియరునై నా ఆఫీసు విడిచిపోవువారిని సాగనంపిన పిమ్మట, ఆ ప్రశ్నలోనే ధర్మసంకటమంతయు ఇమిడియున్నదని నాకు తోచుచున్నది.

కోర్టు పంచాంగము ఈ ప్రశ్నకు తానే సమాధానము చెప్పునట్లు పైకి కనిపించును. మే నెలలో సివిలు కోర్టులు మూతపడును. అత్యవసరమైన వ్యవహారములను వెకేషను కోర్టు చూచుకొనును. మిగిలిన వాయిదాలు జూనునకు పడియుండును. కనుక ఏప్రిలు ఆఖరున సీనియరుగారికి నమస్కరించి, జూనులో వేరొక ఆఫీసు గుమ్మమెక్కినవాడు తాను ఎవ్వరికిని శ్రమ కలిగింపలేదని తలపోయుట సహజమే. కాని ఆఫీసు గుమాస్తా నడిగిచూడుడు, వేరొక మాట చెప్పును. ప్రాంసరీ నోటుపై దావాకు కాలపరిమితి మూడేండ్లు గదా! ఆ గడువు సెలవులలో తీరిపోయినచో, 1963 నాటి లిమిటేషను చట్టము నాలుగవ సెక్షను ననుసరించి, కోర్టు మరల తెరచిన దినమున దావా దాఖలు చేసికొనవచ్చును. ఈ వెసులుబాటు మూలమున, మే నెలలో గడువు తీరిన నోట్లన్నియు తెరచిన తొలి ఉదయముననే ఫైలింగు కౌంటరు కడకు ఒక్కుమ్మడిగా చేరును. ఖాళీ నెలయని మన మనుకొను నెల, నిజమునకు పని పేరుకొను నెల; ఆ నెలలో వెడలినవాడు ఆ తొలి ఉదయపు భారమును వెనుక మిగిలిన వారిపై మోపియే పోవును.

నగరములలోని న్యాయసంస్థల పంచాంగము వేరు. అచట సంవత్సరము ఏప్రిలులో మొదలై మార్చిలో ముగియును. లెక్కలు తేలిన పిమ్మట బోనసు, పదోన్నతి నిర్ణయమగును. విడిచిపోదలచినవాడు ముందుగా నోటీసీయవలయును. హైదరాబాదులో అట్టి యొక సంస్థలో పనిచేయు మా మేనల్లుడు దసరాకు ఊరు వచ్చినప్పుడు, భోజనములైన తరువాత అరుగుమీద చేరి తన చిక్కు విప్పినాడు.

"నోటీసు మూడు నెలలు మావయ్యా. ఇప్పుడిస్తే జనవరిలో వదులుతారు. మార్చి దాకా ఆగితే బోనసు చేతికొస్తుంది గానీ, అవతలివాళ్లు అంతదాకా ఆగరు. ఏం చెయ్యమంటావు?"

"నీ చేతిలో ఇప్పుడు ఏమేం పనులున్నాయిరా?" అని నే నడిగితిని.

వాడు ఒకింత తెల్లబోయినాడు. బోనసు ఎంతయో, క్రొత్తవారు అందులో ఎంత భర్తీ చేయుదురో, ఏ నెలలో చేరిన రాబోవు పదోన్నతికి లెక్కలోనికి వచ్చునో, అన్నియు వాడు గుణించి యున్నాడు. ఈ యొక్క పద్దు మాత్రము ఆ లెక్కలలో లేదు. ఇందుకు వానిని నేను నిందింపను. సంవత్సరము పొడవునను చేసిన శ్రమకు రావలసిన ప్రతిఫలమును తృణముగా నెంచి పొమ్మని చెప్పుట, ఇంటి అప్పు వాయిదా కట్టవలసిన పడుచువానికి చేయదగిన హితబోధ కాదు. కాని ఆ పంచాంగము వాని సంపాదన నొక్కదానినే కొలుచుచున్నది. వానిని నమ్మి కాగితములప్పగించినవారి కాలము అందెక్కడను కనిపింపదు.

చట్టము మాత్రము ఆ కాలమును మరువలేదు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు, మూడవ ఆర్డరు నాలుగవ రూలులో, వకాల్తా ఎప్పుడు ముగియునో నిర్ణయించి చెప్పినది: క్లయింటో వకీలో వ్రాతమూలకముగా కోరి కోర్టువారి అనుమతి పొందవలయును, కానిచో ఇరువురిలో ఒకరు మరణింపవలయును, అదియును కానిచో ఆ క్లయింటునకు సంబంధించినంత వరకు దావాలోని వ్యవహారమంతయు ముగియవలయును. సెలవుల ప్రసక్తి గాని, మార్చి నెల ప్రసక్తి గాని ఇందు లేదు. బారు కౌన్సిలు ఆఫ్ ఇండియా నియమములును ఈ త్రోవనే నడచినవి: ఒప్పుకొన్న పనిని తగిన కారణము లేక విడువరాదు, విడుచునప్పుడు క్లయింటునకు చాలినంత వ్యవధి నీయవలయును, చేయని పనికి పుచ్చుకొన్న ఫీజును తిరిగి ఈయవలయును. ఫీజు బాకీ యున్నదను నెపమున కేసు కట్టను బిగబట్టుకొను హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్. డి. సక్సేనా కేసులో తేల్చినది.

కట్టను అప్పగించినంత మాత్రమున పని అప్పగింపబడినట్లు కాదు. లంకభూమి సరిహద్దు తగవులో ప్రతివాది సాక్షిని మీరు సగము క్రాసు చేసి యుందురు. వాడు చెప్పిన ప్రతి మాటయు డిపోజిషనులో ఎక్కి యుండును. ఏ ప్రశ్నకు వాడు నీళ్లు నమలెనో, ఏ పేరు వినగానే తన ప్లీడరు వైపు చూచెనో, అది ఏ కాగితమునను ఉండదు. మీ తరువాత లేచువాడు ఎంతటి ప్రజ్ఞావంతుడైనను ఆ సాక్షికి క్రొత్తవాడే. ఇక అప్పగింపరానివియు కొన్ని కలవు. క్లయింటు నమ్మి చెప్పిన రహస్యము వృత్తిసంబంధము ముగిసిన పిమ్మటను రహస్యముగనే యుండవలయునని 1872 నాటి సాక్ష్యచట్టము శాసించినది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ మాటనే నిలిపినది. ఒకప్పుడు ఏ దావాలో ఎవరికి సలహా చెప్పితిమో, ఆ దావాలో వారి యెదుటి పక్షమున నిలువరాదు. కావుననే క్రొత్త సంస్థలు చేరబోవువానిని ఇంతవరకు ఎవరెవరి పనులు చూచితివని ముందుగా విచారించును. మనిషి ఆఫీసు మారవచ్చును గాని, వాని బాధ్యతలో కొంత వానివెంటనే నడచివచ్చును.

కదలు వేళ తనదొక్కనిదే కాదను మాటను ఈ సీమలో వ్యవసాయమెరిగినవానికి విడమరచి చెప్పనక్కరలేదు. బొబ్బర్లంక కడ హెడ్డు స్లూయిసులు మూసి వేసవిలో కాలువలు కట్టివేయుదురు. మరల నీరు విడిచినంతనే నారుమళ్లు పోయుదురు. నవంబరు తుపానులలోపల కోత ముగియవలెనన్న తొలకరి ముందే మొదలిడవలయునని ఇచటి రైతులు చెప్పుట వట్టి ముచ్చట కాదు. 1996 నవంబరు 6 నాటి తుపానునకు కొబ్బరితోటలు నేలగూలిన కోనసీమ వారిది. ఐనను ఏ రైతును తన మడికి మాత్రము ముహూర్తము పెట్టుకొనలేడు. పై మడి నీరు దిగువ మడికి పారవలయును. ఒకని మురుగు వేరొకని చేనిమీదుగా పోవలయును. తన అదను తనది మాత్రమే కాదను ఎరుక ఆ వృత్తిలో నీటితోపాటు వచ్చును. మా వృత్తిలో దానిని ప్రయత్నపూర్వకముగా అలవరచుకొనవలసి యున్నది.

ఇట్లనినంత మాత్రమున, పనులన్నియు తీరిన పిమ్మటనే కదలవలయునని నా అభిప్రాయము కాదు. తీరుట యనునది ఈ వృత్తిలో ఎన్నడును లేదు. పార్టిషను దావాలో ప్రిలిమినరీ డిక్రీ వచ్చినచో ఫైనలు డిక్రీ మిగులును. అది వచ్చినచో డిక్రీ అమలునకు ఈపీ మిగులును. దానిపై అప్పీలు మిగులును. పెద్దల చరిత్రలును ఈ విషయమునే చాటుచున్నవి. రాజమహేంద్రవరములో సెకండు గ్రేడు ప్లీడరుగా రాణించుచున్న టంగుటూరి ప్రకాశముగారు, ఆ పట్టాతో హైకోర్టు మెట్లెక్క వీలులేదని, నడుచుచున్న ప్రాక్టీసును విడిచి ఇంగ్లండునకు పోయి, బారిష్టరై వచ్చి 1907లో మద్రాసున స్థిరపడిరి. ఆ మద్రాసు ప్రాక్టీసు మధ్యాహ్నసూర్యునివలె వెలుగుచుండగా, 1921లో సహాయనిరాకరణోద్యమమునకై దానిని సయితము విడనాడిరి. మన ఎదుర్లంకలో పుట్టిన జి. ఎం. సి. బాలయోగిగారు 1980లో కాకినాడలో వృత్తి ప్రారంభించి, 1985లో మేజిస్ట్రేటుగా ఎంపికై, ఆ కొలువునకు రాజీనామా యిచ్చి మరల ప్రాక్టీసునకే వచ్చిరి. 1987లో జిల్లాపరిషత్తు అధ్యక్షులైరి. 1998లో లోకసభ స్పీకరైరి. కోకా సుబ్బారావుగారు భారత ప్రధాన న్యాయమూర్తి పదవిలో మూడు నెలల గడువు మిగిలియుండగనే, 1967 ఏప్రిలులో రాష్ట్రపతి ఎన్నికకై రాజీనామా చేసిరి. ఆ వేళ తగినదా కాదా యని నాడు వాదములు చెలరేగినవి. వీరిలో ఎవ్వరును పని పూర్తిచేసి లేచినవారు కారు.

కోరకయే కదలవలసి వచ్చినవారును కలరు. మన హైకోర్టు 1954 జులై 5న గుంటూరులో వెలసి, 1956 నవంబరులో హైదరాబాదు చేరినది; విభజనానంతరము 2018 డిసెంబరు 26న ఉత్తరువు వెలువడి, 2019 జనవరి 1 నుండి అమరావతిలో వేరుపడినది. ఆ ఐదారు దినములలో ఇండ్లు, పిల్లల చదువులు, కేసు కట్టలు, గుమాస్తాలు, సమస్తమును సర్దుకొనవలసిన వకీళ్లు గోల పెట్టిరన్న పెట్టక యేమి చేయుదురు? కోరి కదలువాడు ఆ దినములను జ్ఞాపకముంచుకొనవలయును. ముందుగా చెప్పు అవకాశము తనకున్నది, వారికి లేకపోయినది.

పని నడుమ విడుచుట తప్పనిసరియైనప్పుడు, ఏ నెలలో విడిచితివను ప్రశ్నకు బలము తగ్గి, ఏ స్థితిలో విడిచితివను ప్రశ్నకు బలము హెచ్చును. సగము క్రాసు పూర్తియైనదా? గడువు దగ్గరపడిన దావాల జాబితా వ్రాసి యిచ్చితివా? నీవు వెడలిపోవుచున్నట్లు క్లయింటునకు నీ నోటనే తెలిసినదా? ఈ మూటికిని ఔనని చెప్పగలవాడు అక్టోబరులో పోయినను ధర్మపరుడే. చెప్పలేనివాడు సెలవులలో పోయినను, మార్చి ముప్పదియొకటిన పోయినను దోషియే. అట్లని, ఈ కేసు తేలనిమ్ము, ఆ తీర్పు రానిమ్మని ఏండ్లు గడుపువానిని కర్తవ్యపరాయణుడని పొగడుటకును నా మనస్సొప్పదు. తాను లేనిదే ఆఫీసు నడువదను అహంకారమో, క్రొత్తచోట తన సత్తువ తేలిపోవునను భయమో, పెక్కుసారులు కర్తవ్యము పేరు చెప్పుకొని కూర్చుండును. ఆ రెంటిని గుర్తించుటకు తేలికయైన గురుతొకటి కలదు: నిజముగా క్లయింటుకొరకు ఆగినవాడు ఎంతకాలమాగునో చెప్పగలడు, తనకొరకు ఆగినవాడు చెప్పలేడు.

మేనల్లునికి ఇదంతయు చెప్పి, నోటీసు ఎప్పుడిచ్చుట యను నిర్ణయమును వానికే విడిచితిని. కాని ఈ తర్కము నడచిపోవువాని గుమ్మము కడనే ఆగదు. జూనియరు వెడలిపోవుచున్నాడన్న వార్త వినినంతనే ద్రోహమని నొచ్చుకొను సీనియరును, సంస్థాధిపతిని నే నెరుగుదును. వారి నొప్పిలో చాలభాగము, కట్టలలో ఏమున్నదో ఆ జూనియరునకు తప్ప మరెవ్వరికిని తెలియకుండ ఆఫీసును నడపిన తమ నిర్వాహకమునకు ఫలము. ఎవడు ఏ నెలలో వెడలిపోయినను మరునాటి వాయిదా చెడనివిధముగా పనిని ఇరువురికైన తెలియునట్లుంచుట సీనియరు ధర్మము. అట్లుంచినచోట జూనియరునకు వేళ వెదకుకొనవలసిన యవసరము అంతగా కలుగదు, సెలవు పుచ్చుకొనుటలో సిగ్గును ఉండదు. వెళ్లువాని నుండి మనము కోరు మర్యాదలో సగము, వాడు చేరిననాడే మన మేర్పరుపవలసిన యేర్పాటు.