తరిగిన విలువ - తరుగని ఋణము

పటాన్‌చెరు, పాశమైలారము కర్మాగారముల ఉద్యోగి 9 లక్షల కారునకు మొత్తము ధరను నూటికి 10 వడ్డీతో ఏడేండ్లకు అప్పు తెచ్చెననుకొందము. నెలవాయిదా 14,941 రూపాయలు. మొదటి యేండ్లలో వడ్డీ భాగము తరువాతి యేండ్లకంటె అధికముగా నుండుటచే, మూడేండ్లు తప్పక కట్టినను సుమారు 5,89,000 బాకీ నిలుచును. మూడేండ్లు దాటిన కారునకు బీమా లెక్కలో నూటికి 40 తరుగుదల. అనగా దాని విలువ 5,40,000.

"బండినే అప్పగించితిమి, ఇంకేమి బాకీ?" అని కొందరందురు. బండి తాకట్టు మాత్రమే. మాట యిచ్చినది మనుష్యుడు. అమ్మగా చాలని సొమ్ము అతనిదే. అతడు తప్పుకొన్నచో పూచీ సంతకము చేసిన తోటి కార్మికుని జీతముపై పడును. రిజిస్ట్రేషను మార్పింపక "వాయిదాలు నీవే కట్టుకొనుము" అని బండిని వేరొకరి చేతబెట్టుట మరింత దోషము. అప్పిచ్చినవారికిని ధర్మము కలదు. వసూలుకై దౌర్జన్యపరులను పంపరాదని సుప్రీంకోర్టు 2007లో మందలించినది.

బసవేశ్వరుడు బోధించిన దాసోహము కాయకార్జితము నుండియే జరుగవలసినది. పూచీపడినవాని జీతము కోతపడుచుండగా మఠమున కిచ్చు కానుక యెవరి కాయకఫలము? బండి నమ్మి, మిగిలిన 49,000 లకు గడువు కోరి, ఆ యేటి కానుకను మాని బాకీ తీర్చుకొను భక్తుని మఠము తప్పుపట్టరాదు. పూచీదారును విడిపించి రమ్మని తానే చెప్పి పంపవలెను.