అందరికీ ఉన్న పేరు: కామాటిపురా తెలుగువారి నామకరణం

మనిషిని తక్కిన మనుషుల నుంచి వేరుచేసి చూపడానికే పేరు పుట్టిందనుకుంటే, తెలంగాణ నుంచి ముంబయికి తరలిపోయిన శ్రామిక కుటుంబాల నామకరణ పద్ధతి ఆ పనికి బొత్తిగా కొరగానిదిగా కనిపిస్తుంది. 18వ శతాబ్దం చివరినుంచి నిజాం రాజ్యపు పల్లెలను వదిలివచ్చి మట్టిపని, రాతిపని చేసిన కామాటీల పేరుమీద కామాటిపురా వెలసింది. నూలు మిల్లులు పెరిగాక పద్మశాలీలు, ఇతర కులాలవారు వర్లీ, లోయర్ పరేల్ వంటి చోట్ల చాల్‌లలో, అంటే ఇంటికొక్క గది, అందరికీ ఒకే నడవా, ఒకే నల్లా ఉండే కూలి నివాసాలలో, కాపురం పెట్టారు. వీరి వెంట వచ్చిన పేర్లు మాత్రం కొద్దివే. వేములవాడ రాజన్న పేర రాజయ్య, కొమురవెల్లి మల్లన్న పేర మల్లయ్య, ధర్మపురి నరసింహుని పేర నర్సయ్య, ఎల్లమ్మ పేర ఎల్లయ్య, పోచమ్మ పేర పోచయ్య. ఒకే నడవాలో ముగ్గురు మల్లయ్యలుంటే ఎవరికీ వింత అనిపించదు. ఏ మల్లయ్య అన్న ప్రశ్నకు ఇంటిపేరో, ఊరిపేరో, తండ్రిపేరో, చేసే పనో జవాబు చెప్పేది. ఆ భారం అసలు పేరుమీద పడేది కాదు.

అలాంటప్పుడు అసలు పేరు చేసే పని ఏమిటన్నది మతపరంగానూ, తాత్త్వికంగానూ అడగదగ్గ ప్రశ్న. భక్తి సంప్రదాయం ఇచ్చే సమాధానం భాగవతం షష్ఠ స్కంధంలో ఉంది. తెలుగులో ఆ స్కంధాన్ని పోతన కాక ఏర్చూరి సింగన రచించాడు. ధర్మం తప్పి బతికిన అజామిళుడు మరణకాలంలో భయపడి, నారాయణుడన్న పేరుగల తన చిన్న కొడుకును పిలుస్తాడు. ఆ పిలుపుకే విష్ణుదూతలు వచ్చి యమభటులను అడ్డుకుంటారు. వేరొకరిని ఉద్దేశించి పలికినా భగవన్నామం ఫలిస్తుందని, దీన్ని సాంకేత్యం అంటారని, భాగవతం వాదిస్తుంది. కొడుక్కి ఎవరూ వినని పేరేదో పెట్టి ఉంటే అజామిళుడి గతి ఏమై ఉండేదో వ్యాఖ్యాతలు చర్చించినట్టు లేదు గాని, ప్రశ్న మాత్రం న్యాయమైనదే. మల్లయ్యను రోజుకు పదిసార్లు పిలిచే తల్లి పదిసార్లు కొమురవెల్లిని తలుచుకున్నట్టే అయితే, ఆ పేరు ఎంతమందికి ఉంటే అంత మేలు.

శబ్దశాస్త్రం ఈ విషయాన్ని మరోవైపు నుంచి చూసింది. పతంజలి మహాభాష్యం శబ్దాలను జాతిని చెప్పేవి, గుణాన్ని చెప్పేవి, క్రియను చెప్పేవి, యదృచ్ఛాశబ్దాలు అని నాలుగుగా విడదీసింది. ఏ ఆధారమూ లేక, పెట్టినవాడి ఇష్టంకొద్దీ ఏర్పడే చివరి రకానికి డిత్థుడు అన్న అర్థంలేని పేరు ఉదాహరణగా నిలిచిపోయింది. న్యాయదర్శన పండితులైన నైయాయికులకు ఇక్కడొక చిక్కు వచ్చింది. 'ఈ శబ్దం వల్ల ఈ అర్థం తెలియాలి' అన్న ఈశ్వరేచ్ఛనే వారు శక్తి అన్నారు. మరి నిన్న పుట్టిన బిడ్డకు నేడు తండ్రి పెట్టిన పేరులో ఆ శక్తి ఎక్కడిది? 17వ శతాబ్దపు విశ్వనాథ పంచాననుడు తన సిద్ధాంతముక్తావళిలో దీనికి చెప్పిన సమాధానం ముచ్చటైనది: పదకొండవ నాడు తండ్రి పేరు పెట్టాలన్న విధిలోనే ఈశ్వరుని ఇచ్ఛ ఉంది కనుక, ఆ పేరులోనూ శక్తి ఉన్నట్టే. విధి పేరు పెట్టమన్నది గాని ఫలానా పేరే పెట్టమనలేదన్న సంగతిని ఇక్కడ పట్టుకోవాలి. ఆ లెక్కన నారాయణ ఎంత సాధుశబ్దమో పెంటయ్య అంతే సాధుశబ్దం.

పెంటయ్య ప్రస్తావన ఊరకే వచ్చింది కాదు. పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోయిన ఇళ్ళలో, తరువాతి బిడ్డను పెంటకుప్పమీదో విస్తరిమీదో ఒక్క క్షణం పడుకోబెట్టి, పారేసినదాన్ని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకుని, పెంటయ్య, పుల్లమ్మ అని పిలవడం తెలుగునాట పాత ఆచారం. మృత్యువు అలాంటి బిడ్డను లక్ష్యపెట్టదని నమ్మకం. మరోవైపు మనుస్మృతి రెండవ అధ్యాయం శూద్రుని పేరు జుగుప్స కలిగించేదై ఉండాలని శాసించింది. చెవికి రెండూ ఒకే రకం పేర్లుగా వినబడినా, ఒకటి పైనుంచి విధించిన అవమానం, మరొకటి తల్లిదండ్రులు చావుమీద పన్నిన ఎత్తు. వీటిని ఒకే గాటన కట్టడం ఆ తల్లిదండ్రులకు అన్యాయం చేయడమే.

ఇలా పైనుంచి శాసించే పౌరోహిత్యపు పెత్తనాన్ని ఎదిరించినవారిలో ముంబయి తెలుగువారు ముందువరుసలో ఉన్నారు. జోతిరావు ఫూలే 1873 సెప్టెంబరు 24న పుణేలో స్థాపించిన సత్యశోధక సమాజం, మనిషికీ సృష్టికర్తకూ మధ్య పురోహితుడు అక్కరలేదని చెప్పింది. ముంబయిలో దానికి అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, నర్సింగరావు సాయబు వడ్నాల వంటి తెలుగువారున్నారు. ఈ పేర్ల అమరిక గమనించదగినది. ఇంటిపేరు ముందుండే తెలుగు పద్ధతి పోయి, సొంతపేరు, తండ్రిపేరు, చివర ఇంటిపేరు అన్న మరాఠీ వరుస వచ్చింది. సాయబు అన్న పేరు కూడా ఆలోచింపజేస్తుంది. దర్గాలకు, పీర్లకు మొక్కుకున్న హిందూ కుటుంబాలు బిడ్డలకు సాయబు, ఫకీరయ్య, మస్తానయ్య అని పెట్టుకోవడం తెలుగువారిలో ఉన్నదే; మొక్కు తీర్చిన శక్తి ఏ మతానిదన్న విచారణ ఆ నామకరణంలో లేదు.

మరాఠీ వరుసలోని నడిమి స్థానం తరువాతి తరాలలో విచిత్రమైన పని చేసింది. చాల్‌లో పుట్టి బడికి వెళ్ళిన పిల్లలకు అరుదైన, కొత్త పేర్లు వచ్చాయి; ఊరూ ఇంటిపేరూ ఎరిగినవారు తగ్గినకొద్దీ, వేరుచేసి చూపే భారమంతా సొంతపేరుమీదికే వచ్చింది. మల్లయ్య నోటితో పిలిచే పేరుగా ఉండడం మాని, కొడుకు కాగితాలలో తండ్రిపేరుగా మిగిలాడు. మనుమడి కాగితాలలో ఆ చోటికి కొడుకు వచ్చాడు గనుక మల్లయ్య అక్కడా లేడు. 2024 మే 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి తల్లిపేరును కూడా తండ్రిపేరుకు ముందు చేర్చాలని మహారాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఎల్లమ్మలూ పోచమ్మలూ కాగితం నడిమికి ఎక్కగలిగే వీలు అలా ఏర్పడింది గాని, అప్పటికి తల్లుల పేర్లు కూడా మారిపోయాయి.