తల్లి ఒక్కతే మోయాలా?

మహమ్మద్‌నగర్ చుట్టుపక్కల తండాల్లో పెళ్లయినా చావయినా ఏ ఇల్లూ ఒంటరిగా ఉండదు. తీజ్ తొమ్మిది రోజులూ తండా అంతా ఒక్క ఇల్లే. కానీ సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ పని తొమ్మిది రోజులతో తీరదు. రోజూ తినిపించాలి, కడగాలి, ఎత్తుకోవాలి. పండుగకు కలిసే మనం ఈ పనికి ఎందుకు కలవం?

ఇది పాపఫలం కాదు, దిష్టి కాదు, అంటుకునే రోగమూ కాదు. కడుపులో ఉన్నప్పుడో, కాన్పులోనో, పుట్టిన తొలినాళ్లలోనో ఎదిగే మెదడుకు తగిలిన దెబ్బ. నెలలు నిండని కాన్పు, ఊపిరి అందకపోవడం, ముదిరిన కామెర్లు, మెదడువాపు దీనికి కొన్ని కారణాలు. ఆ దెబ్బ పెరగదు. కానీ వ్యాయామం లేకపోతే కండరాలు బిగుసుకుపోతాయి. మాట రాని బిడ్డకు తెలివి లేదనుకోవడమూ తప్పే. చాలామందికి మన మాటలు అర్థమవుతాయి.

ఆ తల్లిని మనం దేవత అంటాం. పొగడ్తకు ఖర్చు లేదు. దేవత అనేశాక ఆమె నడుం నొప్పి, పోయిన కూలి మనకు కనబడవు.

'కూలికి పోతేనే పూట గడిచే ఇళ్లు మావి, తీరిక ఎక్కడిది?' అని అడగవచ్చు. నిజమే. కానీ ఆమెదీ కూలి బతుకే. పది ఇళ్లు తలా ఒక గంట ఇస్తే ఎవరి పనీ ఆగదు, ఆమెకు మాత్రం ఒక రోజు దొరుకుతుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు హక్కు. టీచర్లు ఆ బిడ్డ పేరు రిజిస్టర్‌లో రాయాలి, భవిత కేంద్రానికి దారి చూపాలి. యువకులు సర్టిఫికెట్, పింఛను పనులకు తోడు వెళ్లాలి. ఫిజియోథెరపిస్టు చూపిన వ్యాయామం నేర్చుకోవాలి. అన్నం పడుకోబెట్టి కాదు, తల నిలబెట్టి కూర్చోబెట్టి పెట్టాలి.

2018 చట్టంతో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి. మన రాజ్యం మనకు వచ్చిందంటే ఈ బిడ్డ బాధ్యత కూడా మనకు వచ్చినట్టే.

'నా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు?' అన్నది ప్రతి తల్లికీ ఉండే భయం. ఆమె పోయాక చెప్పే జవాబు జవాబు కాదు. ఆమె బతికుండగానే, ఆమె కళ్ల ముందే, ఆ బిడ్డను ఎత్తుకునే చేతులు మరికొన్ని ఉండాలి.