తలరాత, నడక

క్యాన్సర్ చికిత్సలో ఉన్న మనిషి రోజూ కాస్త నడవాలా, మంచం మీదే ఉండాలా అన్నది డాక్టరు మాట ఒక్కదానితో తేలదు. జబ్బు ఎందుకొచ్చింది, ఒంట్లో సత్తువ ఎలా నిలుస్తుంది అన్న విషయాల్లో రోగికీ ఇంటివాళ్లకూ ఉన్న నమ్మకమే చాలావరకు తేలుస్తుంది.

వైద్యం వైపు సంగతి స్పష్టంగానే ఉంది. కీమో నీరసం పడుకుంటే తీరే అలసట కాదు. కదలక పడుకునేకొద్దీ కండ కరిగి అది ఇంకా పెరుగుతుంది. నయం చేసే ఉద్దేశంతో చికిత్స పొందేవారికి వ్యాయామం సూచించాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2022లో మార్గదర్శకాలిచ్చింది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఈ మాట ఎక్కడం తేలిక కాదు. మట్టిపనికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల నేల ఇది. ఒళ్లంటే పనిచేసేది. పత్తి ఏరిన చేతులకు పనిలేని నడక వింతగా ఉంటుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రిలో కీమో ఎక్కించుకొచ్చిన ఆడమనిషి సాయంత్రం వీధిలో నాలుగడుగులు వేస్తే, "ఇంత రోగముండంగ ఎందుకు తిరుగుతున్నవక్కా, పండుకోరాదు" అంటారు. అది ప్రేమతో అనే మాటే. కానీ ఆ ప్రేమే ఆమెను మళ్లీ మంచమెక్కిస్తుంది.

ఇక తలరాత. కర్మ మీది నమ్మకం మనిషిని చతికిలబడేలా చేస్తుందనడం తొందరపాటు. భారతం అనుశాసనిక పర్వంలో దైవం గొప్పదా, పురుషప్రయత్నం గొప్పదా అని ధర్మరాజు అడిగితే, భీష్ముడు ప్రయత్నాన్ని పొలంతో, దైవాన్ని విత్తనంతో పోల్చిన సంవాదం చెబుతాడు. ఆయుష్షు ఈ రెండింటి మీదా ఆధారపడుతుందని చరక సంహిత అంటుంది. ముస్లింల తవక్కుల్ కూడా తన వంతు చేశాకే దేవుడిపై భారం వేయమంటుంది. పాత కర్మ ఫలమైన ప్రారబ్ధం జరిగినదాన్ని వివరిస్తుంది, ఈ రోజు చేసేది ఆగామి, అంటే ముందుముందు ఫలమిచ్చే కర్మ. "నాకే ఎందుకు" అన్న వేదనకు తలరాత ఊరట. అదే మాటను రేపటికి కూడా తీర్పుగా పొడిగిస్తేనే కాళ్లు ఆగిపోతాయి. జబ్బును పాపానికి శిక్షగా భావించి ముఖం చాటేసేవారికైతే గడప దాటడమే గండం. అసలు నష్టం ఈ సిగ్గుతోనే.

నమ్మకం నడిపించనూ గలదు. వ్యాయామమంటే వద్దనే మనిషి శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడిలో మొక్కు ప్రదక్షిణలకు లేస్తుంది. దీన్ని మూఢత్వమని తోసెయ్యడం వైద్యానికే నష్టం. జాగ్రత్తలు మాత్రం తప్పవు. కొన్ని కీమో మందులతో అరికాళ్లు మొద్దుబారతాయి. అప్పుడు ఎండకు కాగిన అలంపురం గుడి రాతిపరుపు మీద వట్టికాళ్లతో తిరిగితే బొబ్బలెక్కినా తెలియదు; పొద్దున్నే వెళ్లడం మేలు. జ్వరముంటే, తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే, ఎముకలకు జబ్బు పాకితే ముందు డాక్టరును అడగాలి. నల్లమలలో సలేశ్వరం జాతరకు ఎక్కిదిగడం, ఆ జనం రద్దీలోకి వెళ్లడం చికిత్స ముగిసి కోలుకునేదాకా ఆగవచ్చు. నూటెనిమిది ప్రదక్షిణల మొక్కును రోజుకు కొన్ని చొప్పున తీర్చుకోవచ్చని పూజారి ఒక మాట చెబితే, డాక్టరు చీటీ కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.